నడిమి యింటి ఆదాయము

మానవుడు గోప్యముగ నుంచుకొనవలసిన తొమ్మిది విషయములను మన పెద్దలు లెక్కించి చెప్పినపుడు ఆయువు వెంటనే విత్తమును చేర్చిరి. ఎవరి వయస్సెంతయో, ఎవరి యింట నెంత ధనమున్నదో పరులు అడుగరాదనియు, అడిగినను చెప్పనక్కరలేదనియు లోకమర్యాద. ఈ మర్యాద మన దేశమునకే పరిమితమైనది కాదు. 1940వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనాభా లెక్కలు జరిగినపుడు, ఆ దేశపు జనగణన చరిత్రలో మొట్టమొదటిసారిగా, గణకులు ఇంటింటికి వెళ్లి, క్రిందటి యేడు జీతముగా గాని కూలిగా గాని మీకెంత ముట్టినదని ప్రశ్నించుటకు సిద్ధపడగా దేశమందు గొప్ప కలకలము రేగినది. న్యూ హాంప్‌షైర్ సెనేటరు చార్లెస్ టోబీ, ఇది పౌరుని సొంత వ్యవహారములలోనికి ప్రభుత్వము చొరబడుటయేనని నిరసనోద్యమము లేవదీసెను. తుదకు, గణకునికి నోట చెప్పుటకు ఇష్టము లేనివారు వేరొక కాగితముపై వ్రాసి, కవరులో మూసి యిచ్చినచో, అది తెరువబడకుండ వాషింగ్టనుకు చేరునట్లు ప్రభుత్వము ఏర్పాటు చేయవలసివచ్చెను. ఐదువేల డాలర్లకు మించిన జీతమును ఎంతయని వ్రాయక, ఐదువేలకు పైన అని మాత్రమే గుర్తించిరి.

ఇంత రహస్యమైన సంగతిని అడుగనేల యనువారికి సమాధానము ఆనాటి పరిస్థితులలోనే కలదు. 1929లో మొదలైన ఆర్థికమాంద్యమున కోటిమందికి పైగా పనులు పోగొట్టుకొని, దాదాపు పది సంవత్సరములు అగచాట్లు పడిన దేశమది. ఏ ఊరివారు ఎట్లు బ్రదుకుచున్నారో తెలియనిదే ఏ సహాయము ఎక్కడికి పంపవలెనో పాలకులకు తోచదు. నేటికిని ఒక బడికి నిధులు కేటాయింపవలెనన్నను, పేదలకు ఇండ్లు కట్టింపవలెనన్నను, ఒక ఆసుపత్రిని ఏ పేటలో పెట్టవలెనో నిశ్చయింపవలెనన్నను, ముందుగా కావలసినది ఆ ప్రాంతపు సామాన్య కుటుంబము యొక్క ఆదాయమెంత, అది పదియేండ్ల క్రిందట ఎంత, ఇప్పుడెంత అను జ్ఞానము. ఈ జ్ఞానమును సంపాదించు విధానము చూచుటకు తేలికగా కనబడినను, తరచి చూచిన కొలది ఎంతో నేర్పును, అంతకుమించిన నిజాయితీని కోరునట్టిది.

మొదట మాటల యర్థములను తేటపరచుకొనవలెను. అమెరికా లెక్కలలో కుటుంబమనగా రక్తసంబంధము గలవారని కాదు. ఒక నివాసములో కాపురమున్న వారందరును కలిసి ఒక కుటుంబము. ఒంటరిగా నున్న వృద్ధురాలిది ఒక కుటుంబమే. ఒక అద్దెయింటిలో కలసి యుండు నలుగురు యువకులది కూడ ఒక కుటుంబమే. మన దేశపు సర్వేలలో ఒక పొయ్యిమీద వండుకొని తినువారిని ఒక కుటుంబముగా నెంచుదురు. ఇక ఆదాయమనగా, ఆ యింట పదునైదేండ్లు నిండిన వారందరికి గడచిన పన్నెండు నెలలలో వచ్చిన జీతము, వ్యాపార లాభము, వడ్డీ, అద్దె, పింఛను, ప్రభుత్వ సహాయధనము మొదలగునవి, పన్ను చెల్లింపక పూర్వము, అన్నియు కలిపిన మొత్తము. ఆస్తి అమ్మగా వచ్చిన లాభము ఇందులో చేరదు. ఆహారమునకై ప్రభుత్వమిచ్చు కూపనుల విలువయు చేరదు. ఈ నిర్వచనములో ఒక్క పద్దు చేరినను, ఒక్క పద్దు తొలగినను, తుది అంకె మారిపోవును.

ఊరివారందరి ఆదాయములను కూడి, ఇండ్ల సంఖ్యచే భాగించినచో వచ్చునది సగటు. ఇది మనకు చిరపరిచితమైనదే గాని, ఆదాయముల విషయమున ఇది తరచుగా మోసపుచ్చును. ఒక వీధిలో ఐదు ఇండ్లున్నవనియు, వాని నెలసరి ఆదాయములు వరుసగా 12 వేలు, 15 వేలు, 18 వేలు, 22 వేలు, 5 లక్షల రూపాయలనియు అనుకొందము. సగటు కట్టినచో ఇంటికి 1,13,400 రూపాయలు వచ్చును. నాలుగిండ్లవారు ఆ మొత్తమునకు ఆమడదూరమున నున్నారు. ఐదవ ఇంటివారు దానికి నాలుగు రెట్లకు పైబడి యున్నారు. ఆ అంకె ఆ వీధిలో ఎవరి బ్రదుకునకును అద్దము పట్టదు. అటుగాక ఆదాయములను తక్కువనుండి ఎక్కువకు వరుసగా పేర్చి, సరిగా నడుమ నిలిచిన ఇంటిని చూచినచో 18 వేలు కనబడును. సగము ఇండ్లు దానికి క్రిందను, సగము పైనను ఉండును. దీనినే గణితవేత్తలు మధ్యగతమందురు. ఐదవ ఇంటివాని రాబడి రేపు పది లక్షలైనను మధ్యగతము కదలదు. కావుననే సామాన్యుని స్థితి తెలిసికొనగోరువారు సగటును విడిచి మధ్యగతమును ఆశ్రయించుదురు.

అయితే లెక్కల పట్టికలలో ప్రతి యింటి రాబడియు విడిగా నుండదు. ఇన్ని వేలనుండి ఇన్ని వేలవరకు ఎన్ని యిండ్లు అని తరగతులుగా ఇచ్చుట వాడుక. వేయి యిండ్ల పేట ఒకటి కలదనుకొందము: 50 వేల డాలర్లకు లోబడినవి 420, 50 నుండి 60 వేలలోపు 200, ఆపైన 380. నడిమి స్థానము ఐదువందలవ యింటిది. మొదటి తరగతి ముగియునప్పటికి 420 అయినవి. ఇంకను 80 ఇండ్లు నడువవలెను. రెండువందలలో ఎనుబది యనగా ఐదింట రెండు పాళ్లు. పదివేల డాలర్ల వెడల్పుగల ఆ తరగతిలో ఐదింట రెండు పాళ్లు నాలుగువేలు. కావున మధ్యగతము 54 వేల డాలర్లు. ఇందులో ఒక మెలకువ కలదు. ఒక పేట మధ్యగతము 40 వేలు, ప్రక్కపేటది 80 వేలు అయినపుడు, రెండును కలిసిన ప్రాంతమునకు 60 వేలని చెప్పుట పెద్ద తప్పు. రెండు పేటల తరగతుల పట్టికలను కలిపి, మరల మొదటినుండి నడిమి యింటిని వెదకవలసినదే, అడ్డదారి లేదు. మరియు ఈ కొలతకు పైకప్పు కూడ కలదు: అమెరికా ప్రభుత్వ పట్టికలలో మధ్యగతము రెండున్నర లక్షల డాలర్లు దాటినచో ఆపైన ఎంతో చెప్పరు. కాలిఫోర్నియాలోని ఆథర్టన్ అను సంపన్నుల పురమునకు ఆ పట్టికలలో కనబడునది 2,50,000కు పైన అను మాట మాత్రమే.

దేశములోని ప్రతి యింటిని ఇన్ని ప్రశ్నలడుగుట వ్యయప్రయాసలతో కూడిన పని యగుటచే, 1950 నుండి ఈ ప్రశ్నను కొందరినే యడుగు పద్ధతి వచ్చినది. 1960లో నాలుగిండ్లకు ఒకటి చొప్పునను, 2000లో సుమారు ఆరింటికి ఒకటి చొప్పునను పెద్ద ప్రశ్నావళి నిచ్చిరి. పదేండ్లకొకసారి తీసిన చిత్రము నడుమ కాలములో పాతబడిపోవుచుండెను. కనుక 2005 నుండి అమెరికన్ కమ్యూనిటీ సర్వే అను పేర ఎడతెగని సర్వే దేశమంతట మొదలైనది. ఇప్పుడు ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు, నెలనెలా కొన్ని చొప్పున, ప్రశ్నావళి పంపుచుందురు. 65 వేలు, అంతకు మించిన జనాభా గల ప్రాంతములకు ఏటేట అంచనా వెలువడును. అంతకు చిన్నవైన ఊళ్లకును పేటలకును ఐదేండ్ల సమాధానములను పోగుచేసి ఒక అంచనా కట్టుదురు. జనవరిలో సమాధానమిచ్చినవాడు దాటిపోయిన యేటి ఆదాయమును చెప్పును. డిసెంబరులో ఇచ్చినవాడు చాలవరకు ఈ యేటి ఆదాయమును చెప్పును. కావున ఒక్క యేటి అంచనా యని మనమనుకొనునది యథార్థమునకు 23 నెలల కాలమును స్పృశించుచున్నది.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలునని మన యిల్లాండ్రు చెప్పుదురు. గంజి సమముగా మరిగిన కుండలో అది నిజమే. కాని సంపద ఊరిలో అట్లు సమముగా మరిగి యుండదు. ఏ మెతుకు చేతికి వచ్చినదను దానిని బట్టి అంచనా మారును. అందుచేతనే సర్వేవారు ప్రతి అంకె ప్రక్కను దోషపరిమితి యని మరొక అంకె నిత్తురు. ఒక పేట మధ్యగతము 54 వేలు, దోషపరిమితి 6 వేలు అన్నచో, అసలు సంఖ్య 48 వేలకును 60 వేలకును నడుమ నుండునని నూటికి తొంబదిపాళ్ల నమ్మకముతో చెప్పవచ్చునని యర్థము. అట్టిచోట నిరుడు 54, ఈ యేడు 56 అని చూచి, పేటవారు బాగుపడిరని పత్రికలో వ్రాయుట న్యాయము కాదు. అడిగినవారిలో ఎవరు బదులిచ్చిరను విషయము కూడ ముఖ్యమే. 2020లో కోవిడ్ మహమ్మారి ప్రబలినపుడు అమెరికా సర్వేకు నూటికి 71 మంది మాత్రమే బదులిచ్చిరి. ఇచ్చినవారిలో కలిగినవారి పాలు హెచ్చుగా నున్నందున, ఆ యేటి అంకెలు తమ ప్రమాణమునకు తగవని జనగణన శాఖ తానే యొప్పుకొని, వానిని ప్రయోగాత్మకములుగా మాత్రమే విడుదల చేసెను. తన లెక్కలోని లోపమును తానే చాటిన శాఖ లెక్కలనే లోకము నమ్మును.

కాలక్రమమున మార్పును కొలుచుట మరింత క్లిష్టము. మన తెలుగువారు వేలకొలదిగా స్థిరపడిన కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీనే తీసికొందము. ఒకప్పుడు ఆప్రికాటు తోటలకు, ప్రూను తోటలకు పేరుబడిన ఆ లోయ నేడు సిలికాన్ వ్యాలీకి నడిబొడ్డు. అక్కడ కుటుంబాదాయపు మధ్యగతము 1989లో 48,115 డాలర్లు, 1999లో 74,335 డాలర్లు, 2018–2022 నడుమ 1,53,792 డాలర్లు. ముప్పది మూడేండ్లలో మూడు రెట్లకు మించినదని సంతోషింపబోవుదుము. కాని 1989 నాటి డాలరు 2022 నాటి డాలరు కాదు. అమెరికా వినియోగదారుల ధరల సూచిక 1989లో 124 కాగా, 1999లో 166.6, 2022లో సుమారు 292.7. ఈ సూచికతో సరిచేసినచో, 1989 నాటి 48,115 డాలర్లు 2022 ధరలలో సుమారు 1,13,500 అగును. 1999 నాటివి సుమారు 1,30,500 అగును. అనగా నిజమైన పెరుగుదల మూడు రెట్లు కాదు; మూడవ వంతుకు కొంచెము మించినది మాత్రమే. ఇది దేశమంతటికి కట్టిన సూచిక. ఆ లోయలో ఇండ్ల ధరలును అద్దెలును ఎట్లు పెరిగినవో అక్కడ అద్దె కట్టువారికే యెరుక.

పోల్చునపుడు పాటింపవలసిన నియమములు మరికొన్ని కలవు. ఐదేండ్ల అంచనాలను పోల్చునపుడు కాలములు ఒకదానిపై నొకటి పడరాదు; 2013–2017ను 2018–2022తో పోల్చవచ్చును గాని 2017–2021తో 2018–2022ను పోల్చినచో, నాలుగేండ్ల సమాధానములు రెండింటను అవియే యగుటచే మార్పు మరుగుపడును. సరిహద్దులు కూడ చూడవలెను. సగటున నాలుగువేల జనముండునట్లు గీచిన చిన్న గణనఖండములు జనము పెరిగినపుడు రెండుగా చీలును, తగ్గినపుడు కలిసిపోవును. పేరొకటే యైనను నేల మారియుండును. అన్నిటికంటె ముఖ్యమైనది, నేల మారకున్నను జనులు మారుట. అద్దెలు భరింపలేక కూలివారును బడిపంతుళ్లును ఊరు విడిచి దూరప్రాంతములకు తరలిపోయి, వారి యిండ్లలో ఇంజనీర్లు దిగినచో, ఆ ప్రాంతపు మధ్యగతము పెరుగును. కాని అక్కడ నివసించిన పేదవాని రాబడి ఒక్క డాలరైనను పెరిగియుండదు. మధ్యగతము ఊరి కథ చెప్పును గాని ఊరివారి కథ చెప్పదు. ఒక పేట అభివృద్ధి చెందినదని అంకె చూపి చెప్పువారిని, వెనుకటివారు ఇప్పుడెక్కడ నున్నారని అడిగి తీరవలెను.

మరి ఐదువందలమంది యైనను లేని కుగ్రామముల మాట యేమి? 1972లో అమెరికా ప్రభుత్వము తన ఆదాయములో కొంత స్థానిక సంస్థలకు పంచియిచ్చు చట్టము చేయగా, ఆ పంపకమునకు ప్రతి ఊరి తలసరి ఆదాయము కావలసివచ్చెను. ఆ ఊళ్లలో మూడవవంతుకు పైగా, సుమారు 15 వేలు, ఐదువందలకు లోబడిన జనాభా గలవి. నూరుమంది యున్న ఊరిలో నమూనా అంచనాకు నూటికి 30 వంతుల దోషము సంభవించునని తేలినది. రాబర్ట్ ఫే, రోజర్ హెరియట్ అను ఇరువురు గణాంకవేత్తలు 1979లో దీనికొక ఉపాయమును ప్రకటించిరి. ఊరిలో అడిగి తెలిసికొన్న ప్రత్యక్ష సాక్ష్యము ఒకటి. ఆ కౌంటీ ఆదాయము, ఆ ఊరి పన్ను పత్రములు, ఇండ్ల విలువలు అను పరోక్ష సాక్ష్యము మరియొకటి. ప్రత్యక్ష సాక్ష్యము బలముగ నున్నచోట దానికి ఎక్కువ తూకమును, బలహీనముగ నున్నచోట పరోక్ష సాక్ష్యమునకు ఎక్కువ తూకమును ఇచ్చి, రెండింటిని కలిపి ఒక అంచనా కట్టవలెనని వారి సిద్ధాంతము. కౌంటీల కుటుంబాదాయ మధ్యగతములను, పేద పిల్లల సంఖ్యను ఏటేట ఈ మార్గముననే అంచనా కట్టుచున్నారు. పేద పిల్లలు హెచ్చుగా గల బడులకు కేంద్ర నిధులు వెళ్లుటకు ఆ అంచనాలు ఆధారము.

ఈ శాస్త్రమునకు ప్రామాణిక గ్రంథము మన తెలుగువాని చేతినుండి వెలువడినదని చెప్పుకొనుట మనకు గర్వకారణము. 1937లో ఏలూరులో జన్మించి, అమెరికాలో డాక్టరేటు పొంది, కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన జె.ఎన్.కె. రావుగారు 2003లో స్మాల్ ఏరియా ఎస్టిమేషన్ అను గ్రంథమును ప్రకటించిరి; 2015లో ఇసబెల్ మోలినాతో కలిసి దానిని పెంచి మరల వెలువరించిరి. చిన్న ప్రాంతముల అంచనాలు కట్టు గణాంకవేత్తలు ప్రపంచమంతట ఆ గ్రంథమును ముందుంచుకొని పనిచేయుచున్నారు.

ఇట్టి పండితుని కన్న తెలుగునేలలో, ఒక మండలములోని నడిమి యింటి ఆదాయమెంత యని అడిగినచో, నేటికిని చెప్పగల పట్టిక లేదు. గణాంకవేత్త మహలనోబిస్ ప్రోత్సాహముతో 1950లో నెలకొన్న జాతీయ నమూనా సర్వే, 1955లో తొమ్మిదవ విడతయందును, 1958–59లో పదునాలుగవ విడతయందును, తరువాత 1964–65, 1969–70 సంవత్సరములందును ఆదాయమును అడిగి చూచెను. జనులు చెప్పిన ఆదాయము వారు చెప్పిన ఖర్చును పొదుపును కలిపినదానికంటె తక్కువగా తేలుటచే ఆ ప్రయత్నము విరమింపబడినది. 1983–84లో చేసిన పరీక్షయు ముందునకు సాగలేదు. జనులు కావలెనని దాచిరనుటకంటె, మన పల్లెలలో ఆదాయమును లెక్కించుటయే దుష్కరమనుట న్యాయము. కౌలురైతు పంట అమ్మగా వచ్చిన సొమ్ములో కౌలు, విత్తనము, ఎరువు, పురుగుమందు, వడ్డీ పోగా మిగిలినదే ఆదాయము. ఇంటికుంచుకొన్న గింజలకును, దూడకు విడిచిన పాలకును వెల కట్టవలెను. కూలికి పోయిన దినములెన్నో ఇంటావిడ జ్ఞాపకముననే యుండును. అందువలన మన సర్వేలు చాలవరకు ఖర్చునే అడుగుచు వచ్చినవి. 2011 సామాజిక, ఆర్థిక, కులగణనలో పల్లెటి ఇండ్లలో ఎక్కువ సంపాదించువాని నెలసరి రాబడిని మూడు తరగతులుగా మాత్రమే అడుగగా, నూటికి డెబ్బదినాలుగు ఇండ్లకు పైగా ఐదువేల రూపాయలలోపు తరగతిలోనే పడినవి.

మనకు వినవచ్చునది జిల్లాల తలసరి ఆదాయము. అది ఆ జిల్లాలో జరిగిన ఉత్పత్తిని జనాభాచే భాగించిన సగటు. ఇండ్లకు చేరిన రాబడి కాదు. తెలంగాణలో తలసరి ఆదాయమున ప్రథమస్థానము రంగారెడ్డి జిల్లాది. గచ్చిబౌలిలోని సాఫ్ట్‌వేరు కంపెనీల ఉత్పత్తియు, మాడ్గుల మండలములోని మెట్టరైతు జొన్నయు ఒకే కుప్పగా పోసి పంచిన అంకె అది. దానిని చూచి మాడ్గుల రైతు సంపన్నుడని తలచి పథకములు వ్రాసినచో నష్టపడునది ఆ రైతే. జాతీయ కుటుంబాదాయ సర్వేను 2026లో జరుపుదుమని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించుట కావుననే మిక్కిలి హర్షింపదగినది. అది జిల్లా స్థాయితో ఆగక, ఫే, హెరియట్, రావుగారలు చూపిన బాటలో మండలముల వరకు దిగివచ్చినపుడే దాని ఫలము సామాన్యునికి అందును.

పాఠకులతో మనవి చేయవలసినవి రెండు. సర్వే చేయువారు మీ గడపకు వచ్చి రాబడి యడిగినపుడు, అధికారపత్రము చూపుమని అడిగి, వారి ప్రశ్నకు ఉన్నదున్నట్లు చెప్పుడు. మీరు తగ్గించి చెప్పిన ప్రతి రూపాయియు మీ ఊరి లెక్కను వంకర చేయును. అట్లే, ఫలానా ప్రాంతపు ఆదాయము పెరిగినదని ఎవరైన చెప్పినపుడు, అది సగటా మధ్యగతమా, ధరల పెరుగుదల తీసివేసిరా, దోషపరిమితి యెంత, వెనుకటి జనులే ఇప్పుడును అక్కడ నున్నారా యని నాలుగు ప్రశ్నలు వేయుడు. ఈ నాలుగింటికి బదులు చెప్పలేని అంకెను ఎంతటివారు చెప్పినను నమ్మనక్కరలేదు.